గూఢచారుల శిబిరంలో వారం రోజులు

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవి సెలవుల్లో పిల్లల శిబిరం ఒకదానిలో వారం రోజులు పనిచేశాను. దాని పేరే గూఢచారుల శిబిరం. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఆ ఏడు రోజులూ వేగులవాళ్లుగా మారిపోయి ఆడుకుంటారు. సంకేత లిపులు నేర్పడం నా వంతు. అక్కడికి వచ్చిన ఒక 14 ఏళ్ల అమ్మాయి గురించి మీకు చెప్పాలని ఉంది. ఆమె పేరు మాత్రం చెప్పను.

మొదటి రోజు ఫోన్లన్నీ పెట్టెలో పెట్టించారు. తర్వాత ఒక పళ్లెంలో 20 వస్తువులు పెట్టి, నిమిషం సేపు చూపించి, గుడ్డ కప్పేశారు. చూసినవన్నీ రాయమంటే ఆ అమ్మాయికి గుర్తొచ్చినవి ఏడు. కళ్ల ముందున్నవి ఇంత తొందరగా ఎలా మాయమయ్యాయని చాలాసేపు బాధపడింది. ఒక్కో వస్తువునీ విడిగా గుర్తుపెట్టుకోకుండా, అన్నిటినీ కలిపి చిన్న కథ అల్లుకుంటే నిలుస్తాయని చెప్పాం. రోజూ పొద్దున్నే అదే ఆట ఆడేది.

రెండో రోజు నా పాఠం. జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో ఒక్కో అక్షరానికి బదులు దానికి మూడు స్థానాల అవతల ఉన్న అక్షరం రాసేవాడని రోమన్ రచయిత సూటోనియస్ చెప్పాడు. దాన్ని తెలుగులో చేసి చూద్దామన్నాను. గుణింతాలు, సున్నాలు అలాగే ఉంచి హల్లులను మాత్రం మూడు స్థానాలు జరపాలి. క ఘ అవుతుంది, చ ఝ అవుతుంది. 'చెట్టు కింద చూడు' అన్న మాట 'ఝెఢ్ఢు ఘింప ఝూతు' అయింది. పిల్లలు దాన్ని పైకి చదివి పడీ పడీ నవ్వారు. నిజానికి ఇలాంటిది మనకు కొత్త కాదు. పెద్దవాళ్లకు అర్థం కాకూడదని ప్రతి అక్షరానికీ ముందు 'క' చేర్చి మాట్లాడుకున్నవాళ్లు మీలో ఎందరో ఉంటారు. 'రేపు రా' అనడానికి 'కరే కపు కరా'. మన 64 కళల్లో రహస్య లిపిలో రాసే విద్య కూడా ఉంది, దాని పేరు మ్లేచ్ఛిత వికల్పం.

రాయడం అయ్యాక విప్పడం. ఒక పెద్ద సందేశం ఇచ్చాను, ఎన్ని స్థానాలు జరిపానో చెప్పలేదు. అందరూ ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టుకుంటూ పోతుంటే ఆ అమ్మాయి కాగితం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "చాలా మాటలు 'షు'తో అయిపోతున్నాయండీ. అది 'లు' కావచ్చా?" అంది. నాకు ఒళ్లు పులకరించింది. తెలుగులో బహువచనం ఎక్కువగా 'లు'తోనే కదా! ల నుంచి ష మూడో అక్షరం. తాళం ఊడిపోయింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ అనే పండితుడు చెప్పింది ఇదే. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెడితే గుప్త లిపి బయటపడుతుందని. ఆ పిల్ల ఆయన పేరు వినకుండానే అక్కడికి చేరింది.

మూడో రోజు నిమ్మరసంతో రాసి, వేడి తగిలించి చదవడం. కాగితం కంటే ముందే రసం మాడి గోధుమరంగులోకి వస్తుంది. ఇది పిల్లల సరదాగా మొదలైంది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలా నిమ్మరసంతో రాసి దొరికిపోయిన కార్ల్ ముల్లర్ అనే జర్మన్ గూఢచారిని 1915లో లండన్ టవర్‌లో కాల్చి చంపారు.

నాలుగో రోజు ఒకరికి తెలియకుండా ఒకరు వెంబడించే ఆట. ఒప్పుకున్న కార్యకర్తలనే వెంబడించాలి, బయటివాళ్ల జోలికి పోకూడదని గట్టిగా చెప్పాం. కానీ పిల్లలు ఒకరి వస్తువులు ఒకరు ముట్టుకోకూడదని చెప్పడం మర్చిపోయాం. ఆ తప్పు మాదే. సాయంత్రం ఇద్దరు అబ్బాయిలు ఆ అమ్మాయి సంచిలోంచి డైరీ తీసి చదివారు. చదివి, రహస్యం సంపాదించామని గొప్పగా అందరికీ చెప్పారు.

ఆ పిల్ల ఏడవలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గరికి రాలేదు.

మర్నాడు ఆటలన్నీ ఆపేశాం. అబ్బాయిలు క్షమాపణ అడిగారు, ఆమె తలూపింది, అంతే. తలూపినంత మాత్రాన సర్దుకుందని నేను అనుకోలేదు. డైరీ చదివించుకున్న మనిషికి, ఆ వయసులో మరీనూ, ఒంటి మీద చర్మం ఒలిచినట్టు ఉంటుంది. పిల్లల డైరీలు, ఫోన్లు చాటుగా చూసే పెద్దవాళ్లకు కూడా ఇది తెలియాలని నా ఆశ.

ఆ రోజు పాఠం బదులు నూర్ ఇనాయత్ ఖాన్ కథ చెప్పాను. టిప్పు సుల్తాన్ వంశస్థురాలు, పిల్లల కోసం బుద్ధుడి పూర్వజన్మల జాతక కథలు రాసిన మనిషి. 1943 జూన్‌లో బ్రిటన్ ఆమెను వైర్‌లెస్ ఆపరేటర్‌గా జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌కు పంపింది. తోటివాళ్లు వరసగా పట్టుబడుతుంటే తిరిగి వచ్చేయమన్నారు, ఆమె రానంది. అక్టోబరులో దొరికిపోయింది. 1944 సెప్టెంబరులో జర్మనీలోని డాకౌ నిర్బంధ శిబిరంలో చంపేశారు. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. గదిలో చప్పుడు లేదు. ఆ ఇద్దరు అబ్బాయిలు తలలు ఎత్తలేదు.

ఆ అమ్మాయే మొదట నోరు విప్పింది. నూర్ లాంటివాళ్లు సందేశాలు ఎలా రాసేవాళ్లని అడిగింది. అలాంటి ఏజెంట్లు ఒక పద్యం కంఠస్థం చేసి, అందులోని మాటలనే, సందేశంలోని అక్షరాలను ఎలా తారుమారు చేయాలో చెప్పే తాళంచెవిగా వాడేవాళ్లని చెప్పాను. అందరికీ తెలిసిన పద్యమైతే శత్రువు పట్టేయగలడు. అందుకని లియో మార్క్స్ అనే సంకేత నిపుణుడు ఎక్కడా అచ్చుకాని కొత్త పద్యాలు ఇవ్వాలని పట్టుబట్టాడు. ఆమె ఇదంతా రాసుకుంది. 1553లో ఇటలీవాడు బెల్లాసో చెప్పిన పద్ధతి కూడా అడిగి నేర్చుకుంది. అందులో ప్రతి అక్షరమూ ఒకే దూరం జరగదు, తాళంచెవిలోని అక్షరాన్ని బట్టి దూరం మారుతూ ఉంటుంది. కాబట్టి 'లు' ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది.

ఆఖరి రోజు పళ్లెం ఆటలో 16 వస్తువులు రాసింది. బయల్దేరే ముందు నా దగ్గరకు వచ్చి డైరీలో ఒక పేజీ తెరిచి చూపించింది. పేజీ నిండా అర్థం కాని అక్షరాలు. "గట్టిగా ఉందో లేదో చూసి చెప్పండి" అంది. బస్సు వచ్చేదాకా గంటసేపు కుస్తీ పట్టాను. ఒక్క మాట కూడా విడలేదు.

తాళంచెవి పద్యమేనట. తనే రాసుకుందట. "మీకొక్కరికి చెప్పమంటారా?" అని అడిగింది.

వద్దన్నాను.