మిల్లు మూతపడింది, ముల్కనూరు నడుస్తోంది: సోషలిజంలో తేడా ఎక్కడొచ్చింది?

(స్క్రీన్ మీద ఆజంజాహీ మిల్లు పాత ఫొటో)

నమస్తే. సోషలిజం మంచిదా చెడ్డదా అని వాదన మొదలైతే వరంగల్‌లో ముందు వచ్చే పేరు ఇదే. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఈ ఆజంజాహీ బట్టల మిల్లు, 1974లో కేంద్ర సర్కారు సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, 2002లో పూర్తిగా మూతపడింది. సర్కారు నడిపితే ఇంతే అంటారు కొందరు.

మరి సింగరేణి? అది కూడా సర్కారుదే, రాష్ట్రం వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం, కార్మికులకు లాభాల్లో బోనస్ కూడా ఇస్తోంది. అయితే ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు, ఎందుకంటే బొగ్గు కొనడానికి కరెంటు ప్లాంట్లు ముందే రెడీగా ఉంటాయి, గుడ్డ విషయంలో పవర్‌లూమ్ వాళ్లు తక్కువ రేటుకి ఇస్తే జనం అటే పోతారు.

సోషలిజం మీద గట్టి విమర్శ 1920లో మీసెస్ అనే ఆర్థికవేత్త చేశాడు. మార్కెట్ ధర లేకపోతే ఏ వస్తువు ఎంత తయారు చేయాలో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో ప్లాన్ వేసేవాడికి ఎలా తెలుస్తుంది అని. నిజమైన ప్రశ్నే. కానీ మన దగ్గర వెట్టిని ఏ మార్కెట్టూ తీసేయలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది, ఆ తర్వాత ఊరూరా దొరల భూములు పంచింది ఎర్రజెండా వాళ్లే. ఆ మాట దాచి సోషలిజం గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

చైనా సంగతి దాచడం కూడా అంతే తప్పు. 1958లో ఊళ్లను కమ్యూన్లుగా కలిపారు, కింది అధికారులు భయం కొద్దీ పండని పంటను పండినట్టు రాశారు, ఆ లెక్క చూసి సర్కారు ధాన్యం పట్టుకుపోయింది, కోట్ల మంది ఆకలితో చనిపోయారు. తప్పు లెక్క అని తెలిసినా నోరు తెరిచే దారి లేదు వాళ్లకు.

అందుకే యజమాని సర్కారా ప్రైవేటా అన్నదానికంటే, లెక్క తప్పితే కింద ఉన్నవాడు నిలదీయగలడా అన్నదే నాకు ముఖ్యం.

(ముల్కనూరు సొసైటీ దృశ్యాలు)

ఇక్కడికి దగ్గరే, భీమదేవరపల్లి మండలంలో, 1956లో విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన రైతుల సహకార సంఘం ఇది. అప్పులు, ఎరువులు, వడ్ల కొనుగోలు, విత్తనాలు, అన్నీ సంఘమే చూస్తుంది. పెట్టుబడిలో సభ్యుల సొంత డబ్బు ఉంది, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వాళ్లే, కాబట్టి నష్టమొస్తే ఎక్కడో ఢిల్లీలో ఆఫీసరు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇది సోషలిజమే కాదు అనే కమ్యూనిస్టులూ ఉన్నారు, ఇదే అసలు సోషలిజం అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో వాళ్లవైపు. ఒక్క చోట మాత్రం మొదటివాళ్ల మాట నన్ను ఆపుతుంది: వడ్లు అమ్మే రైతుకు సంఘం మంచి రేటు ఇస్తుంది సరే, గుంట భూమి లేని కూలీ అక్కడ ఏం అమ్మాలి?