కొత్త నగరంలో మనల్ని ఎరిగినవాళ్లు

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు రేపోమాపో చిన్న పట్టణం వదిలి మహానగరానికి వెళ్లబోతున్నారు. ఇంకొందరు వెళ్లి ఆర్నెల్లో ఏడాదో అయినవాళ్లు. జీతాల గురించి, అద్దెల గురించి మీకు చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. నేను మాట్లాడదలచుకున్నది ఊరు మారినప్పుడు చడీచప్పుడు లేకుండా జరిగే ఒక నష్టం గురించి, దాన్ని పూడ్చుకునే దారి గురించి.

చిన్న ఊళ్లో మనల్ని నలుగురూ ఎరుగుదురు. అందుకోసం మనం ప్రత్యేకంగా చేసిందేమీ ఉండదు. ఫలానావారి అమ్మాయి, ఫలానా బళ్లో చదువుకున్న అబ్బాయి అంటూ మనకంటే ముందే మన సంగతి వీధి చివరిదాకా వెళ్లిపోతుంది. ఒంట్లో బాగోలేక రెండ్రోజులు బయటికి రాకపోతే మూడోరోజు ఎవరో ఒకరు తలుపు తడతారు. ఇదే ఎరుకలో ఉక్కపోత కూడా ఉంది. ఎక్కడికెళ్తున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు, ఇంకా ఎందుకు స్థిరపడలేదు అని ఆరా తీసే కళ్లు ఎప్పుడూ ఉంటాయి. చాలామంది నగరం బాట పట్టేది ఆ కళ్లకు దూరంగా పోదామనే. వాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. పుట్టుకను బట్టి చిన్నచూపు భరించినవాళ్లకు, అడుగడుగునా అనుమతి అడగాల్సి వచ్చిన ఆడపిల్లలకు, తామెవరో ఎవరికీ తెలియని చోట బతకడం నిజమైన స్వేచ్ఛ.

జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1903లోనే ఈ విషయం గురించి రాశాడు. నగరంలో కళ్లకూ చెవులకూ ఊపిరాడనంత హడావిడి. దాన్ని తట్టుకోవడానికి నగరవాసి మనసుకు ఒక తలుపు వేసుకుంటాడు. ఆ ముభావం వల్లనే ఒకరి జోలికి ఒకరు పోని స్వేచ్ఛ కూడా వస్తుందన్నాడాయన. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని పొగరు అనుకుంటారు. లిఫ్ట్‌లో ఎవరూ పలకరించకపోతే, నాలో ఏదో లోపముంది కాబోలు అని కుంగిపోతారు. దయచేసి అలా అనుకోకండి. రోజుకు వేలమంది ఎదురయ్యే చోట ప్రతి ముఖానికీ మనసివ్వడం ఎవరివల్లా కాదు.

తలుపు వేసి ఉన్నంత మాత్రాన లోపల మనిషి లేడని కాదు. అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో ఒక పరిశీలన ప్రచురించాడు. ఆయన విద్యార్థులు పొద్దున్నే రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడే జనాన్ని ఫోటో తీసి, కొన్నాళ్లకు ఆ ఫోటోలు అదే ప్రయాణికుల చేతికిచ్చి, వీళ్లలో మీకు తెలిసిన ముఖాలేవని అడిగారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది, ఎన్నడూ మాట్లాడని ముఖాన్ని ఒక్కటైనా గుర్తుపట్టారు. సగటున ఒక్కొక్కరూ నలుగుర్ని గుర్తుపట్టారు. మీకూ ఇలాంటివాళ్లు ఉండే ఉంటారు. రోజూ అదే స్తంభం పక్కన నిలబడి, రైలు కనిపించగానే చెప్పులు సర్దుకుని, సంచీ భుజం మార్చుకునే ఒకావిడ. ఆమె నాలుగు రోజులు రాకపోతే, పేరైనా తెలియని ఆమె కోసం మీ కళ్లు వెతుకుతాయి. ఆమె కూడా మిమ్మల్ని అలాగే ఎరిగి ఉంటుంది. ఇలాంటి ఇద్దరు రోజూ కనబడే చోట కాకుండా, దూరంగా ఎక్కడో తారసపడితే చప్పున మాట కలుపుతారని మిల్‌గ్రామ్ గమనించాడు. అంటే ఎరుక అప్పటికే ఉంది. దానికి మాట తోడు కావాలి, అంతే.

ఆ మాటను స్నేహందాకా తీసుకెళ్లడానికి ఎంత సమయం పడుతుంది? కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు, కొత్త ఊరికి మారి ఆర్నెల్లు దాటనివాళ్లనే ఎంచుకుని ఈ ప్రశ్నే అడిగాడు. ఆయన అంచనా ప్రకారం పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, నిజమైన స్నేహితుడు కావడానికి 90 గంటలు, ఆప్తుడు కావడానికి 200 గంటలకు పైనే పడుతుంది. అందులోనూ పనిచేస్తూ పక్కపక్కన కూర్చున్న గంటలు అంతగా లెక్కలోకి రావు. ఏ పనీ లేకుండా కలిసి గడిపిన గంటలే దగ్గర చేస్తాయి. ఈ లెక్క విన్నప్పుడు నాకు ఎంతో ఊరట కలిగింది. వారానికి మూడు గంటలు కలిసే మనిషి ఆప్తుడు కావాలంటే ఏడాది దాటి మరో మూడు నెలలు పడుతుంది. కాబట్టి మొదటి ఏడాది ఒంటరిగా ఉన్నట్టు అనిపించడం మీ ఓటమి కాదు. ఇంకా గంటలు పోగుపడలేదు, అంతే.

ఇల్లు ఎంచుకునే సంగతి ఇక్కడే ముడిపడి ఉంది. అద్దె తక్కువని పనిచేసే చోటికి దూరంగా ఇల్లు చూసుకుంటాం. పోనూరానూ రెండు గంటలు అదనంగా పట్టిందనుకోండి, నెలకు 22 పనిదినాలకు 44 గంటలు. ఒక పరిచయస్తుణ్ని మామూలు స్నేహితుణ్ని చేసుకోవడానికి పట్టేంత సమయం దాదాపుగా ప్రతి నెలా దారిలోనే పోతోందన్నమాట. ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన సమాచారాన్ని పరిశీలిస్తే, ప్రయాణ సమయం పెరిగేకొద్దీ జనం తమ జీవితం పట్ల చెప్పే సంతృప్తి తగ్గుతూ వచ్చింది. తక్కువ అద్దె గానీ ఎక్కువ జీతం గానీ ఆ లోటును పూర్తిగా పూడ్చలేకపోయాయి. అందరికీ దగ్గరలో ఇల్లు తీసుకునే స్తోమత ఉండదని నాకు తెలుసు. వీలున్నవాళ్లు మాత్రం, ఒక గది తగ్గినా సరే, గంట మిగిలే ఇంటినే తీసుకోండి. వీలు లేనివాళ్లు ఉన్న చోటే, ఒకే వేళకు ఒకే చోటికి వెళ్లడం అలవాటు చేసుకోండి. గ్రంథాలయం కావచ్చు, వ్యాయామం చేసే మైదానం కావచ్చు, సంగీతం క్లాసు కావచ్చు. వారానికో కొత్త చోటు తిరిగితే నగరం తెలుస్తుంది గానీ మనుషులు తెలియరు.

స్నేహం దాకా రాని పరిచయాలను కూడా తేలిగ్గా తీసుకోకండి. సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మనిషిని మీరెంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా అన్నవాళ్లు 17 శాతం కూడా లేరు. అప్పుడప్పుడు అన్నవాళ్లు సగానికి పైనే. దాదాపు 28 శాతం మంది చాలా అరుదుగా అన్నారు. మన ఆప్తులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు మోసుకొచ్చేది కొంచెం దూరపు మనిషి. చిన్న ఊళ్లో అలాంటి దూరపు మనుషులు తక్కువ. నగరంలో వాళ్లకు కొదవ లేదు. నగరం ఇచ్చే అసలు సంపద ఇదేనని నా నమ్మకం.

ఆ సంపద ఒక్కరోజులో చేతికి రాదు. హోర్హే ద లా రోకా, డియేగో పూగా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు స్పెయిన్ ఉద్యోగుల వివరాలతో 2017లో ప్రచురించిన పరిశోధన ఉంది. పెద్ద నగరంలో అడుగుపెట్టగానే జీతంలో కొంత పెరుగుదల ఉన్న మాట నిజమే. దానికి తోడు అక్కడ పనిచేసిన అనుభవం ఏళ్లు గడిచేకొద్దీ అదనపు విలువ తెచ్చిపెట్టింది. తర్వాత వాళ్లు చిన్న ఊళ్లకు మారిపోయినా ఆ విలువలో ఎక్కువ భాగం వాళ్లతోనే ఉండిపోయింది. తిరిగి వెళ్లిపోవాలని ఉన్నా, నలుగురూ ఏమనుకుంటారోనని ఆగిపోయినవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వలసల మీద మొట్టమొదట లోతుగా పరిశోధించిన రావెన్‌స్టైన్ 1885లోనే ఇంకో మాట చెప్పాడు. ఒక దిక్కుకు జనం పెద్దఎత్తున కదిలిన ప్రతిచోటా, దానికి ఎదురుగా వెనక్కి వచ్చే ప్రవాహం కూడా ఉంటుందన్నాడు. తిరుగు ప్రయాణం ఎప్పుడూ ఉన్నదే.

చివరిగా నగరంలో పాతబడినవాళ్లకు ఒక విన్నపం. మీ ఆఫీసులో ఈ నెల కొత్తగా చేరిన అమ్మాయి ఉందనుకోండి. ఆదివారం సాయంత్రం ఆమె ఒక్క గదిలో, ఇంకా విప్పని రెండు పెట్టెల మధ్య కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది, ఎలా ఉందంటే బాగానే ఉందంటుంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు లైటు కూడా వేయదు. ఆమెకు కావలసిన 50 గంటల్లో మొదటి రెండు గంటలు మీరివ్వగలరు. ఎప్పుడైనా రమ్మంటే ఆమె రాదు, మొహమాటపడుతుంది. శనివారం ఐదు గంటలకు ఫలానా చోట కలుద్దామని ఏ రోజో, ఏ వేళకో చెప్పి పిలవండి. మళ్లీ వారం కూడా పిలవండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెళ్లాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేకపోతున్నవాళ్లు ముందుగా అడిగితే సంతోషిస్తాను.