వెనక్కి చూస్తే రాయయ్యే కొండ

సభకు నమస్కారం. కల్పిత లోకాల కథలు రాసేవాళ్లు హనుమకొండలో ఇంతమంది ఒక్కచోట కూర్చోవడం చాలా సంతోషం. ఈ పూట మనం ఒక కొండను కడదాం. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది తిరిగిరాని కొండ. దానికి మన పాత కథల్లోంచి ఒకే ఒక్క మాయ తీసుకుందాం. వెనక్కి తిరిగి చూస్తే మనిషి రాయైపోతాడు. వాకిట్లో మంచాలేసుకొని పడుకున్న రోజుల్లో ఈ మాట వినని పిల్లలు ఉండరు.

మాయ ఒకటి చాలు. మిగతాదంతా మామూలు కొండే కావాలె. చాలా కథల్లో మంచు తుఫాను, రాకాసి, అగ్నిగుండం, శాపం అన్నీ ఒకేసారి మీద పడతాయి. అయినా చదివేవాళ్లకు భయం వేయదు. ఏ తప్పు చేస్తే ప్రాణం పోతుందో వాళ్లకు ముందే తెలియాలె, అప్పుడే ప్రతి అడుగుకూ గుండె అదురుతుంది.

ముందు ఎత్తు తేల్చుకోండి. వరంగల్ సముద్రమట్టానికి 300 మీటర్లలోపే ఉంది. పైకి పోయినకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఇక్కడ పుష్యమాసపు తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే, అదే లెక్కన 5,000 మీటర్ల దగ్గర మైనస్ 15. గాలి కొడితే ఒంటికి తగిలే చలి ఇంకా ఎక్కువ. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సగానికి పడిపోతుంది. అక్కడ నీళ్లు 82 డిగ్రీలకే మరుగుతాయి. ఎసరు మసులుతూనే ఉంటుంది, బియ్యం మాత్రం పలుకు విడవదు. పప్పు సంగతి చెప్పనక్కర లేదు. ప్రెషర్ కుక్కర్ లేని లోకంలో మీవాళ్లు ఏం తింటారు? సత్తుపిండి, మలీద, పేలాలు, బెల్లం. మన సద్దుల మూటే వాళ్లను బతికిస్తుంది.

ఆ మూటకూ లెక్క ఉంది. మనిషికి రోజుకు సుమారు కిలో తిండి కావాలె. 25 కిలోలు మోసే కూలి 25 రోజుల్లో తన బరువంతా తానే తినేస్తాడు. చెట్లు ఆగిపోయిన ఎత్తు నుంచి కట్టెలు కూడా మోసుకుపోవాల్సిందే, ఎందుకంటే తాగే ప్రతి చుక్కా మంచు కరిగించిందే. లీటరు నీళ్లకు అప్పుడే పడిన మెత్తటి మంచు దాదాపు 10 లీటర్ల గిన్నెడు కావాలె. రోజుకు మనిషికి మూడు నాలుగు లీటర్లు తాగాలె. పొయ్యి ఆరిపోతే ఆ గుంపు చుట్టూ మంచు పెట్టుకొని దాహంతో పోతుంది.

రాయి గురించి రాసేవాళ్లు ఒక్కసారైనా మన గుట్టల మీద చెయ్యి ఆనించి చూడాలె. ఏకశిల బండ గ్రానైటు. ఎండలో పొడిగా ఉంటే పాదం పట్టుకుంటుంది, వానకు నాచు తడిస్తే జారుతుంది. పాండవుల గుట్టలది ఇసుకరాయి. అది వాన నీళ్లు పీల్చుకొని లోపల మెత్తబడుతుంది. పైన ఆరినట్టు కనిపించినా పట్టు చేతిలోకి ఊడొస్తుంది. వాన వెలిసినాక ఒకటి రెండు రోజులు ఆగాల్సిందే. నిజామాబాద్ జిల్లా ఆడబిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె మొదటి పాఠాలు భువనగిరి బండ మీదే. మీ కథలో మనిషి కూడా ఎక్కడో ఒక బండ మీద నేర్చుకొని రావాలె.

మంచు చరియల గురించి రెండు మాటలు. అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే విరుగుతాయి. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు పేరుకోకముందే జారిపోతుంది. గాలి కొట్టే వైపు కంటే గాలి చాటున ఉన్న వైపే మోసం, మంచంతా అక్కడే పోగుపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడకముందే పైకి పోతే వచ్చే ఎత్తు జబ్బు. 3,000 మీటర్లు దాటినాక నిద్రచోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలె. తొందరపడితే మొదట తలనొప్పి, వాంతులు. ఆ తర్వాత మనిషి తాగినవాడిలా తూలుతాడు. గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేలు ఆనించి నడవమంటే నడవలేడు. ఇంకొకరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో గురగుర, దగ్గితే గులాబీరంగు నురుగు. అన్నిటికన్నా దారుణం, జబ్బు మెదడుకెక్కినవాడు "నాకేం కాలేదు, మీరు పదండి" అంటాడు. అతని మాట నమ్మకూడదు. ఆక్సిజన్ సిలిండర్లు లేని లోకంలో మందు ఒక్కటే, రాత్రయినా సరే వెంటనే కిందికి దించాలె.

దించాలంటే వెనక్కి తిరగాలె. తిరిగితే రాయి.

మన కొండకు ప్రాణం ఇక్కడే వచ్చింది. ఒక్క మాయ వెళ్లి, ఉన్న ఒక్క మందుకు అడ్డం పడింది. ఇక్కడ షరతును గట్టిగా బిగించండి. శిఖరం తాకేదాకా బయలుదేరిన చోటు వైపు చూడకూడదు. తాకినాక ఆ కట్టు తెగిపోతుంది. మధ్యలో దిగాలంటే ఏం చేస్తారు? మన గీత కార్మికుడు తాటిచెట్టు దిగడం గుర్తు తెచ్చుకోండి. ముఖం చెట్టు వైపే, ఒళ్లు మోకు మీద ఆనించి, కాలితో వెతుక్కుంటూ దిగుతాడు. నిటారు మంచువాలు మీద నిజంగా దిగే పద్ధతీ ఇదే, ముఖం కొండకు, వీపు లోయకు. తాడు నడుముకు ఒక్కదానికే కట్టొద్దు. జారి వేలాడితే పక్కటెముకల కిందికి బిగుసుకొని కొద్ది నిమిషాల్లోనే ఊపిరి ఆడదు. తొడలకూ ఉచ్చులు వేయాలె. జబ్బుమనిషి కళ్లకు గుడ్డ కట్టి, పైనున్న ఇద్దరు తాడు వదులుతుంటే దించాలె.

కాబట్టి ఈ కొండ మీద నిటారు చోట మనుషులు బతుకుతారు. చదునైన చోటే చస్తారు. హిమానీనదం మీద వాలు తక్కువ, నెర్రెలు, అంటే మంచులో లోతైన పగుళ్లు, ఎక్కువ. వాటి మీద కొత్త మంచు పల్చటి కప్పులా పరుచుకుంటుంది. మామూలుగా ముందువాడు కర్రతో పొడిచి చూస్తాడు, తెల్లవారకముందే ఆ కప్పు గడ్డకట్టి ఉన్నప్పుడు దాటుతారు. వెనక్కి నడిచేవాడికి నెర్రె ఎక్కడుందో తెలియదు. ఎక్కేటప్పుడు 50 మీటర్లకొకటి పాతిన ఎర్రగుడ్డ వెదురుపుల్లలు అతని వీపు వెనకే ఉంటాయి. కాలు దిగబడగానే మెడ దానంతటదే తిరుగుతుంది. మీ రాతిమనుషులందరూ ఈ చదునులోనే, మెడలు తిప్పి, ఒక కాలు మోకాలిదాకా మంచులో ఉండి నిలబడాలె.

వాళ్లు అక్కడే ఉండిపోరు. పెద్ద రాయి తన కింది మంచుకు నీడ పడుతుంది. చుట్టూ కరిగిపోతుంటే ఆ రాయి మంచుగద్దె మీద పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఎండ తగిలే వైపు గద్దె ముందు కరిగి, రాయి అటే ఒరిగి పడుతుంది. ఇంకో గద్దె మొదలవుతుంది. కిందనున్న మంచు మొత్తం మెల్లగా పారుతూనే ఉంటుంది. మన కొండ మీద ఏడాదికి 100 మీటర్లు అనుకుందాం. హిమానీనదం ముగిసే మూతికి 5 కిలోమీటర్ల ఎగువన రాయైనవాడు 50 ఏళ్లకు ఆ మూతి దగ్గర, బురదనీళ్లలో బయటపడతాడు. అతను పోయిననాడు తొట్టెలలో ఉన్న కొడుకుకు ఇప్పుడు జుట్టు నెరిసింది. ఎండాకాలం మంచు కరిగే రోజుల్లో ఆ కొడుకు రోజూ వాగు ఒడ్డుకు వస్తాడు. తనకన్నా పాతికేళ్లు చిన్నవాడైన తండ్రి ముఖం కోసం ఒక్కో రాయినీ కడిగి చూస్తుంటాడు.