గలీబు బిగిస్తే సరిపోదు

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి ఆదివారం సమావేశంలో ఒక ప్లాస్టిక్ సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉస్మాన్ రోడ్డు రద్దీ దాటుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఫేస్‌లిఫ్ట్, అంటే వయసుతో జారిన ముఖాన్ని పైకెత్తే ఆపరేషన్, గురించి అడగడానికి వచ్చే మనవాళ్లు ముందు గొంతు తగ్గిస్తారు. "డాక్టరుగారూ, మా కోడలికి తెలియకూడదు" అంటారు. తర్వాత రెండు చూపుడువేళ్లు చెవుల ముందు ఆనించి, చర్మాన్ని వెనక్కి లాగి చూపిస్తారు. "ఇంత చేస్తే చాలండీ." ఆ లాగడం గురించే ఈరోజు చెబుతాను.

పాత దిండులో దూది ఒక మూలకి జారిపోయిందనుకోండి. గలీబు ఎంత బిగించినా దిండు సరికాదు. దూదిని పైకి తెచ్చి కుట్టాలి. ముఖమూ అంతే. వయసుతో వదులయ్యేది చర్మం ఒక్కటే కాదు. బుగ్గ మీది కొవ్వు కిందికి జారుతుంది, కణతల దగ్గరిది తగ్గుతుంది, దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది. ముక్కు పక్క గీత లోతవడం, దవడ అంచున సంచుల్లా వేలాడడం ఇందువల్లే.

20వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో ఈ ఆపరేషన్లు మొదలైనప్పుడు చేసింది గలీబు పనే. చెవి ముందు కొంత చర్మం కోసి, లాగి కుట్టేవారు. చర్మానిది సాగే గుణం, కొన్నాళ్లకు మళ్లీ సాగేది. 1970ల్లో స్వీడన్ సర్జన్ టోర్డ్ స్కూగ్ చర్మాన్ని కింది పొరతో కలిపి పైకి లేపి చూపించారు. 1976లో ఫ్రాన్స్‌లో మిట్జ్, పెరోనీ ఆ పొరను వివరంగా వర్ణించారు. దాన్నే స్మాస్ అంటున్నాం. ముఖ కండరాలను కలిపి పట్టి ఉంచే పొర అది. కొందరు సర్జన్లు దాన్ని మడిచి కుడతారు, కొందరు పట్టీలా కొంత తీసేసి అంచులు కలుపుతారు. 1990లో అమెరికాలో శామ్ హామ్రా చెప్పిన డీప్ ప్లేన్ పద్ధతిలో ఆ పొర కిందికే వెళ్లి, దాన్ని పట్టి ఉంచే బంధనాలు విడదీసి, అంతా కలిపి పైకి జరుపుతారు. కన్ను మూయించే, నవ్వించే నరం కొమ్మలు సరిగ్గా ఆ లోతులోనే ఉంటాయి. అందుకే పద్ధతి పేరు కన్నా ఆ పద్ధతిలో చెయ్యి తిరిగిన సర్జన్ ముఖ్యమని నా నమ్మకం. ఎం.సి.హెచ్. గానీ డి.ఆర్.ఎన్.బి. గానీ, ఆ పై చదువు ప్లాస్టిక్ సర్జరీలోనే చేశారా అని నిస్సంకోచంగా అడగండి.

ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. ఆపరేషన్ వేరే ఎక్కడో అయింది. చెవి తమ్మె బుగ్గలోకి అతుక్కుపోయినట్టు కిందికి సాగి ఉంది. అమ్మ ఇచ్చిన ఏడురాళ్ల దుద్దులు పెట్టుకుంటే రాళ్లు నేల చూస్తున్నాయి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బరువు మోయాల్సిన లోపలి పొరను వదిలేసి చర్మాన్ని బిగిస్తే, ఆ లాగుడంతా తమ్మె మీద పడుతుంది. దాన్ని సరిచేయాలంటే లోపలి పొరను మళ్లీ ఎత్తి కట్టి, తమ్మెను ఏ బిగువూ లేకుండా దాని చోట ఉంచాలి.

చెవి చుట్టూ కొన్ని నెలలు మొద్దుబారి ఉండడం మాత్రం మామూలే. దుద్దు శీల బిగిసిందో లేదో వేలికి తెలుస్తుంది, చెవికి తెలియదు. కంగారు పడకండి.

నాకు టెన్షన్ పెట్టేది చర్మం కింద రక్తం గడ్డకట్టడం. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, మగవాళ్లలో మరీ ఎక్కువ. బీపీ అదుపులో లేకపోతే ఆపరేషన్ వాయిదా వేస్తాను, ఎంత బతిమాలినా సరే. ఆస్పిరిన్ లాంటి మందుల సంగతి దాచకండి, గుండె డాక్టరును అడగకుండా ఆపనూ వద్దు. సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి. పొగ వల్ల రక్తం అందక చెవి వెనక చర్మం నల్లబడి చచ్చిపోవడం నేను చూశాను. చెవి కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగినవాళ్లు ముందే చెప్పాలి, కుట్ల మచ్చ కూడా అలాగే పెరగవచ్చు.

నుదుటి ముడతలు, మంగు మచ్చలు ఈ ఆపరేషన్‌తో పోవు. నుదుటికి బొటాక్స్ ఇంజక్షన్ ఉంది, దాని పని 3, 4 నెలలే. దారాలతో చేసే లిఫ్ట్ తేలికే, ఫలితమూ అంతే తొందరగా జారిపోతుంది.

ఇక పెళ్లిళ్లు. "ఇరవై రోజుల్లో అమ్మాయి పెళ్లి, ఈలోపు చేసేయండి" అంటారు. కమిలిన రంగు, వాపు పైకి తగ్గడానికే 2, 3 వారాలు పడుతుంది. మచ్చ ఎర్రదనం నెలల తరబడి ఉంటుంది, ఆ సమయంలో మన చెన్నై ఎండ తగిలితే నల్లబడుతుంది. మాఘంలో ముహూర్తం పెట్టుకుంటే నా దగ్గరికి ఆశ్వయుజంలోనే రండి. కోడలిని కూడా వెంటబెట్టుకు రండి. మొదటి రెండు రాత్రులూ మీ తలకింద దిండు ఎత్తుగా పెట్టి, పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి.