పన్ను చట్టం నీకెందుకమ్మా అన్నవారికి

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, గ్రూప్స్ పుస్తకాలు కాసేపు మూసి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గాని, అధ్యక్షులవారు అందరి పేర్లూ ఇప్పటికే రెండుసార్లు చదివారు. నన్ను ఆర్థికవేత్త అన్నారు. అంత లేదండి. ప్రభుత్వ పథకాల మీద నోట్లు రాసిపెట్టే సంస్థలో ఉద్యోగిని. పని విజయవాడలో, ఊరు పలాస వైపు, డిగ్రీ చదివింది ఇక్కడే.

ఉద్యోగం చేస్తూ ఉన్నత చదువు ఎలా కొనసాగించాలో చెప్పమన్నారు. టైమ్ మేనేజ్‌మెంట్ గురించి నా దగ్గర పెద్ద రహస్యాలేమీ లేవు. పిల్లాడు పడుకున్నాక చదువుతాను. సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులకు వెళ్తాను. పరీక్షల ముందు అందరిలాగే టెన్షన్ పడతాను. ఆ సంగతి అక్కడితో సరి.

ఎకనామిక్స్ ఎమ్మే చేసిన మనిషి పన్నుల చట్టంలో డిప్లొమా ఎందుకు మొదలెట్టిందన్నది చెప్పాలి. మా ఆఫీసులో ఒక నోటు తయారైంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు జీడి రైతులను ఉత్పత్తిదారుల కంపెనీలుగా, అంటే ఎఫ్‌పీవోలుగా, కలపాలని. మంచి ఆలోచనే. మా వైపు రైతు 80 కిలోల బస్తా లెక్కన జీడిపిక్కలు అమ్ముకుంటాడు, ధర ఎవరో చెబుతారు. నలుగురూ కలిస్తే బేరమాడే బలం వస్తుంది. నోటు నిండా రంగుల బొమ్మలు, బాణం గుర్తులు. నేను ఆ వారమే క్లాసులో జీఎస్టీ చట్టం చదువుతున్నాను.

అందులో సెక్షన్ 23 ఉంది. తన సాగులో పండిన పంట అమ్ముకునే వ్యవసాయదారుడు ఆ మేరకు జీఎస్టీ కింద రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. వ్యవసాయదారుడంటే ఎవరు? సెక్షన్ 2లో ఏడో నిర్వచనం చూడండి. సొంత శ్రమతోనో, ఇంటివాళ్ల శ్రమతోనో, దగ్గరుండి కూలీలచేతనో భూమి సాగుచేసే వ్యక్తి, లేదా హిందూ అవిభక్త కుటుంబం. పట్టా మాటే లేదు! కౌలు రైతూ ఇందులోకి వస్తాడు. మా ఫారాల్లో మాత్రం పాస్‌బుక్ నంబరు గడి నింపనిదే రెండో పేజీ తెరుచుకోదు. సరే, అది వేరే గోల.

గమనించండి, నిర్వచనంలో కంపెనీ లేదు. రైతు కంపెనీ అయినా సరే, అది వ్యక్తి కాదు, అవిభక్త కుటుంబమూ కాదు. కాబట్టి రైతుకున్న ఆ మినహాయింపు దానికి రాదు. ఇక గుల్ల తీయని జీడిపిక్కలు 2017 నుంచే రివర్స్ ఛార్జిలో ఉన్నాయి. అంటే రైతు దగ్గర కొన్న రిజిస్టర్డ్ కొనుగోలుదారే పన్ను కట్టాలి. నిన్నటిదాకా ఆ కట్టేవాడు పలాస వ్యాపారి. కంపెనీ రిజిస్టర్ అయి రైతుల దగ్గర సరుకు కొంటే, ఆ పని కంపెనీ నెత్తిన పడుతుంది. 5 శాతమే కదా, తర్వాత క్రెడిట్ వస్తుంది కదా, అంటే సరుకు అమ్మినప్పుడు కట్టే పన్నులో దాన్ని తగ్గించుకోవచ్చు కదా అంటారు. వస్తుంది. కానీ రివర్స్ ఛార్జి పన్ను క్రెడిట్‌తో కట్టడానికి కుదరదు, ముందు నగదు కట్టాలి. లక్ష రూపాయల పిక్కలకు 5 వేలు. సరుకు అమ్ముడయ్యేదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. కొత్తగా పుట్టిన రైతు కంపెనీ దగ్గర ఆ నగదు ఎక్కడిది?

ఇదే ఒక పేరాగా రాసిచ్చాను. మా పెద్దసారు చదివి, "అవన్నీ లాయర్లు చూసుకుంటారమ్మా, మనం విజన్ రాద్దాం" అన్నారు. ఆ పేరా లేకుండానే నోటు పైకి వెళ్లింది. ఎన్నాళ్లయినా ఆ మాట నాకు జీర్ణం కాలేదు. విజనేమిటండీ! డబ్బు ఎవరు, ఎప్పుడు కట్టాలో తెలియని విజన్ ఎవరికి? ఊళ్లో ఒక పెద్దాయనతో ఈ సంగతి చెబితే, "మాకేటి తెలుస్తాది తల్లీ, పిక్క పట్టుకెళ్తాడు, డబ్బులిస్తాడు" అన్నాడు. ఆయన తెలుసుకోకపోయినా ఫర్వాలేదు. ఆయన పేరు మీద పథకం రాసేవాళ్లకు తెలియొద్దా?

విజయనగరంలో నిలబడి పన్ను గురించి మాట్లాడుతూ పద్మనాభం యుద్ధాన్ని తలుచుకోకపోతే తప్పవుతుంది. 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామరాజుగారు అక్కడ ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో ప్రాణం వదిలారు. వీరగాథగా చెప్పుకుంటాం, నిజమే. గొడవకు మూలం మాత్రం పేష్కష్ బకాయి, అంటే ఆ కంపెనీకి కట్టాల్సిన కప్పం. ఎంత కట్టాలో అడిగేవాడే నిర్ణయించేవాడు, అది సరికాదని చూపడానికి రాజుగారి చేతిలో ఒక సెక్షను లేదు. ఇప్పుడు రాజ్యాంగంలో 265వ అధికరణం ఉంది: చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు. అందుకే చట్టంలో ఏముందో చదవమంటాను. జీఎస్టీ కౌన్సిల్, అంటే జీఎస్టీ మీద సిఫార్సులు చేసే కేంద్ర, రాష్ట్ర మంత్రుల మండలి, చెప్పిందంటే మా ఆఫీసులో వేదవాక్కు. కౌన్సిల్ సిఫార్సులు పార్లమెంటునూ శాసనసభలనూ కట్టిపడేయవని సుప్రీంకోర్టు 2022లో మోహిత్ మినరల్స్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మా ఆఫీసులో ఎందరు చదివారో చెప్పను, రేపు మళ్లీ పనిలోకి వెళ్లాలి.

వెనక వరసలో ఒక చెల్లెలు చెయ్యెత్తుతోంది. ఏ కోర్సు అనే కదమ్మా? డిప్లొమాలకు చాలాచోట్ల ఏదైనా డిగ్రీ చాలు. ఎల్ఎల్ఎం కావాలంటే ముందు ఎల్ఎల్‌బీ ఉండాలి. ఎల్ఎల్‌బీ దూరవిద్యలో కుదరదు, 70 శాతం హాజరు అడుగుతారు, ఉద్యోగం ఉన్నవాళ్లు ముందే లెక్క వేసుకోండి. ఇంకోటి, పూర్తికాలం జీతం తీసుకుంటూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కుదరదు. నల్లకోటు కోసమైతే ఈ దారి వద్దు.

రెండు బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు, తెచ్చాను, ఇక్కడే ఇచ్చి వెళ్తాను. ఒకటి 2025 ఆదాయపు పన్ను చట్టం. 1961 నాటి దాని స్థానంలో, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీతో వచ్చింది. 536 సెక్షన్లు, బెదిరిపోకండి. రెండోది కేంద్ర జీఎస్టీ చట్టం, ముందు దాన్ని తెరవండి. మీ ఇంట్లోవాళ్లు పార్వతీపురం వైపో, ఉద్దానంలోనో జీడి పండిస్తూ ఏదైనా రైతు కంపెనీలో సభ్యులైతే, రివర్స్ ఛార్జి డబ్బు ఎక్కడినుంచి తెచ్చి కడుతున్నారని ఆ కంపెనీవాళ్లను అడగండి. చెప్పిన జవాబు నాకు రాసి పంపండి. ఆ పేరాను ఈసారి మీ జవాబులతో కలిపి పైకి పంపుతాను.