పుస్తకంలో కోడిగుడ్డు, ఆకాశంలో గుండ్రం: భూమి దారిని బొమ్మలతో చూద్దాం

[తెర మీద: సూర్యుడి చుట్టూ కోడిగుడ్డులా సాగిన గీత, దాని మీద నాలుగు భూములు]

ఈ బొమ్మ చూడని వాళ్లుండరు. చూశాక చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది: సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలికాలం. తప్పు వాళ్లది కాదు, బొమ్మదే. పక్క నుంచి వాలుగా చూస్తున్నట్టు గీశారు కాబట్టి అలా నొక్కినట్టు కనిపిస్తోంది.

[తెర మీద: అట్ట, రెండు గుండుసూదులు, దారం, పెన్సిల్]

అసలు దారిని మనమే గీద్దాం. రెండు గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ దారం ముడి వేసి, పెన్సిల్‌తో బిగించి తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. గ్రహాల దారి ఇదేనని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ప్రకటించాడు. 20 సెంటీమీటర్ల పొడవున్న బొమ్మలో భూమి కక్ష్య రావాలంటే సూదుల మధ్య ఎంత దూరం ఉండాలో తెలుసా? 3.3 మిల్లీమీటర్లు. అంతే!

గీసి చూస్తే అచ్చం వృత్తమే. పొడవుకీ వెడల్పుకీ తేడా వెంట్రుక మందం కూడా ఉండదు. కాకపోతే సూర్యుడు ఉండేది మధ్యలో కాదు, ఒక సూది దగ్గర. అందుకే జనవరి మొదట్లో మనం సూర్యుడికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, జులై మొదట్లో 15.2 కోట్ల దూరంలో ఉంటాం. అవును, దగ్గరయ్యేది జనవరిలోనే. అప్పుడు ఉత్తరార్ధగోళంలో చలికాలం!

[తెర మీద: చీకటి గది, మధ్యలో బల్బు, పుల్ల గుచ్చిన థర్మాకోల్ బంతి]

మరి రుతువులు ఎలా వస్తున్నాయి? గీత పక్కన పెట్టి బంతి తీసుకుందాం. బల్బు సూర్యుడు, బంతి భూమి, పుల్ల భూమి తిరిగే ఇరుసు. పుల్లను 23.5 డిగ్రీలు వంచి పట్టుకోండి. ఎదురుగా ఒక గోడ ఎంచుకుని పుల్ల పైకొనను అటే ఉంచండి. ఇప్పుడు బల్బు చుట్టూ నడవండి.

ఇక్కడే దాదాపు అందరూ పొరబడతారు. నడుస్తుంటే మణికట్టు దానంతటదే తిరిగి, పుల్ల ఎప్పుడూ బల్బు వైపే వాలుతుంది. అలా అయితే ఉత్తరాన ఏడాదంతా వేసవే! పుల్ల గోడను వదలకూడదు. మీరు ఎటు వెళ్లినా సరే.

[తెర మీద: బంతి దగ్గరి దృశ్యం, పై సగంలో ఎర్ర చుక్క]

మీకూ గోడకూ మధ్య బల్బు ఉన్నప్పుడు పై సగం వెలుగులోకి వంగుతుంది. బంతిని తిప్పితే ఎర్ర చుక్క చీకట్లో కొద్దిసేపే ఉంటుంది: అది జూన్. మీరు బల్బుకూ గోడకూ మధ్యకు వస్తే అదే చుక్క చీకట్లోనే ఎక్కువసేపు ఉంటుంది: డిసెంబర్. మధ్యలో వచ్చే రెండు చోట్లా వెలుగూ చీకటీ చెరిసగం. వంపు మారలేదు, మన చోటు మారింది.

కొలతల విషయంలో మాత్రం ఈ బల్బును నమ్మొద్దు. సూర్యుడు 10 సెంటీమీటర్ల బంతి అయితే, మిల్లీమీటరు కూడా లేని భూమి దాదాపు 11 మీటర్ల అవతల ఉండాలి.

[తెర మీద: క్యాలెండర్]

పెన్సిల్ గీతలో దొరకని ఆ సాగుదల ఇందులో దొరుకుతుంది. దగ్గరైనప్పుడు భూమి కాస్త వేగంగా వెళ్తుంది. వెలుగూ చీకటీ చెరిసగమయ్యే ఆ రెండు చోట్లకు మనం చేరేది మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతంలో. మార్చి 20 నుంచి సెప్టెంబర్ 22 దాకా రోజులు లెక్కపెట్టండి: 186. అక్కణ్నుంచి, జనవరి మీదుగా, మళ్లీ మార్చి 20 దాకా 179.