మార్జిన్ బయానా కాదు

(నల్లగొండలో పిల్లల తల్లిదండ్రులు, మిల్లు యజమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బిడ్డకు అమెరికాలో ఫీజు కట్టాల్సినవాళ్లు, మిర్యాలగూడ నుంచి బియ్యం ఎగుమతి చేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. డాలర్ పెరిగితే ఒకరికి నష్టం, తగ్గితే ఇంకొకరికి నష్టం. దీనికి రక్షణగా డాలర్ ఫ్యూచర్ ఉంది, అంటే ముందు తేదీకి డాలర్ రేటును ఇవాళే ఖాయం చేసుకునే ఒప్పందం. ఫీజు కట్టేవాళ్లు దాన్ని కొంటారు, ఎగుమతిదారు అమ్ముతారు. రెండు వైపులా మార్జిన్, అంటే బ్రోకర్ దగ్గర పూచీగా ఉంచే డబ్బు, కట్టాల్సిందే.

భూమి బేరంలో బయానా ఇస్తాం. బేరం చెడితే బయానా పోతుంది, అక్కడితో సరి. మార్జిన్ అట్ల కాదు. అది పూచీ మాత్రమే. నష్టం దాన్ని దాటితే మిగతాది కూడా మీరే కట్టాలి.

లెక్క చూద్దాం. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. రేటు 85 రూపాయలు అనుకుంటే దాని విలువ 85,000. మార్జిన్ 3 శాతం అనుకుందాం, అంటే 2,550. చేతి డబ్బుకు 33 రెట్ల సరుకు మీ పేరు మీద ఉంది. ఇదే లివరేజ్. రేటు 25 పైసలు కదిలితే లాట్‌కు 250 రూపాయలు, మార్జిన్‌లో దాదాపు పదో వంతు. మార్జిన్ శాతం స్థిరంగా ఉండదు. మార్కెట్‌లో ఊగిసలాట పెరిగితే ఈ ఫ్యూచర్లు నడిపే ఎక్స్ఛేంజ్ దాన్ని పెంచుతుంది, అదీ మీకు డబ్బు ఇబ్బందిగా ఉన్న రోజునే.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. మూడు నెలల్లో 20,000 డాలర్ల ఫీజు ఉందని ఒక తండ్రి 85.40కి 20 లాట్లు కొన్నాడనుకోండి. మార్జిన్ సుమారు 51,000. ఖాతాలో ఉన్నది కూడా అంతే. డాలర్ 84.40కి దిగింది. ఫీజులో 20,000 రూపాయలు మిగిలినట్టే కదా అంటారు. నిజమే, కానీ ఆ మిగులు ఫీజు కట్టేరోజున కనిపిస్తుంది. ఫ్యూచర్ నష్టం మాత్రం ఏ రోజుది ఆ రోజే, మార్క్ టు మార్కెట్ పేరుతో నగదుగా పోతుంది. సమయానికి డబ్బు వేయకపోతే బ్రోకర్ లాట్లు అమ్మేస్తాడు. ఆ తర్వాత డాలర్ 86కి పోతే? నష్టం ఖాతాలో మిగిలింది, రక్షణ చేజారింది. ఆయన అంచనా తప్పలేదు, నగదు చాలలేదు.

అందుకే ముందు అడగాల్సింది మార్జిన్ ఎంత అని కాదు, రేటు రెండు రూపాయలు ఎదురు తిరిగితే ఎంత కావాలి అని. 20 లాట్లకు 40,000. మార్జిన్‌తో కలిపి 91,000 పక్కన పెట్టగలిగితేనే 20 లాట్లు. లేకుంటే 10 లాట్లు కొని సగం ఫీజుకే రక్షణ తీసుకోండి. స్టాప్‌లాస్, అంటే రేటు మీరు పెట్టిన హద్దు దాటితే దానంతటదే ఒప్పందాన్ని ముగించే ఆర్డర్, ఉందిలే అని ధైర్యపడకండి. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోను 1.20 ఫ్రాంకుల కిందకు పోనివ్వమన్న హద్దు ఎత్తేసినప్పుడు స్టాప్‌లాస్‌లు పెట్టిన ధరకు అమలు కాలేదు, చాలా ఖాతాలు మైనస్‌లోకి పోయాయి.

ఫోన్లలో వచ్చే విదేశీ ఫారెక్స్ (విదేశీ కరెన్సీల వ్యాపారం) యాప్‌లు 500 రెట్ల లివరేజ్ ఇస్తామంటాయి. 500 రెట్లంటే 0.2 శాతం ఎదురు కదలికకే మొత్తం పోతుంది. యూరో–డాలర్ జంటకు అది ఒక పూట కదలిక. పైగా అనుమతి లేని వేదికల్లో ఈ వ్యాపారం చేయడం ఫెమా, అంటే విదేశీ మారక నిర్వహణ చట్టం, ఒప్పుకోదు. ఇట్లాంటి వాటి పేర్లతో రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో హెచ్చరిక జాబితా పెట్టింది, దాన్ని చూడండి. మన ఎక్స్ఛేంజ్‌లలో కూడా రూపాయి–డాలర్ లాంటి జంటల్లో దిగాలంటే నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు పత్రాలు చూపనక్కర్లేదు, కానీ అవసరం ఉండి తీరాలి. ఈ మాట 2024లో రిజర్వ్ బ్యాంకు గట్టిగా చెప్పాక ఇక్కడ వ్యాపారం బాగా పలచబడింది. దూరపు నెలల గడువున్న ఫ్యూచర్లలో కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ ధర తేడా ఎక్కువ. దగ్గరి నెల తీసుకుని, గడువు ముందు తర్వాతి నెలకు మార్చుకోవడమే మేలు. మార్చిన ప్రతిసారీ కొంత ఖర్చు పడుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఫ్యూచర్ గడువు ఆ నెల చివరి పనిదినానికి రెండు పనిదినాల ముందు, మధ్యాహ్నం 12:30కి ముగుస్తుంది. చేతికి డాలర్లు రావు. ఆ రోజు అధికారికంగా ప్రకటించే రిఫరెన్స్ రేటు ప్రకారం తేడా రూపాయల్లో జమో ఖర్చో అవుతుంది. ఫీజు డాలర్లు బ్యాంకులో విడిగా కొనాలి, కాబట్టి బ్యాంకులో కొన్న రోజునే ఫ్యూచర్ అమ్మేయండి.